షేరింగ్ కంటైనర్‌లో మన పెట్టెలు

మొంబాసా
ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరట నీ చెల్లెలు జయమణి వందనాలు. నేనిక్కడ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తున్నాను. తలుస్తున్నాను అనే రాశాను, నమ్ముతున్నాను అని రాయలేదు. నువ్వు జ్వరంతో నాలుగు రోజులు మంచం మీద ఉన్న సంగతి నీ కూతురు స్నేహ నోరు జారితే తెలిసింది గానీ నువ్వు చెప్పలేదు. ఇప్పుడెలా ఉంది? మీ అత్తగారికి ఆయాసం తగ్గిందా? బావగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారా, వేసుకున్నానని చెబుతున్నారా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటే అంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. పక్కన బావగారుంటారు. ఆయనకి నామీద కోపం ఇంకా పోలేదని నాకు తెలుసు. ఆయన దగ్గడం వినపడుతుంది గానీ మాట వినపడదు. అందుకని మా సంఘంలో ఒక నర్సమ్మ సెలవుకి ఏలూరు వస్తుంటే ఆమె చేత పంపుతున్నాను. కవరు అంటించిన చోట అడ్డంగా నా సంతకం పెట్టాను. గీత చెదిరి ఉంటే నాకు చెప్పు. ఆమె మంచిదే. అయినా చెప్పు.

ఇక్కడ ఎండ అచ్చం బందరు ఎండే. చెమట కూడా అదే చెమట, ఉప్పుగాలి. ఈ మధ్య వానలు పట్టాయి. బట్టలు ఆరవు, గోడలు ఆరవు. అన్నం బాగానే తింటున్నాను, నువ్వు దిగులు పడొద్దు. నేను పనిచేసే కంటైనర్ల డిపోలో మధ్యాహ్నం మొక్కజొన్న పిండి ముద్ద పెడతారు, మన సంకటిలాగే ఉంటుంది. దాంట్లోకి కొబ్బరిపాలు పోసి ఉడికించిన చిక్కుడు గింజలు. మొదట్లో నోటికి ఎక్కేది కాదు, ఇప్పుడు బాగానే ఎక్కుతోంది. ఒంటరిగా ఉందా అంటే, ఆదివారం మధ్యాహ్నాలు ఉంటుంది. అందుకే ఆదివారం రాస్తున్నాను. బాగానే ఉన్నాను, మళ్ళీ చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. మన పెట్టెలు ఫలానా కంటైనర్‌లో వద్దు అని నేను మొండికేసినప్పుడు బావగారు అన్నమాట నాకింకా చెవిలోనే ఉంది. "అక్కడికెళ్ళి ఏడాది కాలేదు, మనవాళ్ళ మీదే అనుమానమా?" అన్నారు. నేనప్పుడు కారణం చెప్పలేదు. చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అది ఫోన్లో, స్పీకర్లో, చెప్పుకునేది కాదు.

ఈ ఆర్డరు ఎలా వచ్చిందో నీకు తెలుసు. షరీఫాగారు తన కొత్త హోటలుకి టైల్స్ తెప్పించుకుని, విడిపించుకోడానికి మా డిపోకి వచ్చింది. నా మెడలో నువ్వు కుట్టి పంపిన కలంకారీ చున్నీ చూసి "ఈ గుడ్డ ఎక్కడిది?" అంది. అంతే, ముప్పై గదులకి దుప్పట్లు, దిండు గలీబులు, కర్టెన్లు. నీ దగ్గర కుట్టే పన్నెండుమంది ఆడవాళ్ళకీ మూడు నెలల పని. గుడ్డ పెడనది, కుట్టు పటమటది, మధ్యలో మాట నాది. అదెక్కడ పోతుందోనని నా భయం.

అరవై పెట్టెలయ్యాయన్నావు. అరవై పెట్టెలకి సొంతంగా ఫుల్ కంటైనర్ తీసుకుంటే పావు వంతు కూడా నిండదు, మిగతా అంతా గాలే. ఆ గాలికి కూడా మనమే బాడుగ కట్టాలి. కాకపోతే పటమటలో నీ కళ్ళముందే తలుపు మూసి సీలు వేస్తే, ఇక్కడ షరీఫాగారి ముందే తెరుస్తారు. మధ్యలో ఎవరి చెయ్యీ పడదు. షేరింగ్ అయితే మన పెట్టెలు పట్టినంత చోటుకే బాడుగ. కానీ చెన్నై రేవులో ఒక గోడౌన్లో పదిమంది సరుకుతో కలిపి సర్దుతారు, ఇక్కడ మా డిపోలో మళ్ళీ విప్పి విడదీస్తారు. ఎన్ని చేతులు పడతాయో రోజూ చూసేదాన్ని నేనే కదా.

మీ మరిది సుధాకర్‌గారు తెచ్చిన గవర్నర్‌పేట ఏజెంటుగారు ఈ రెండూ వద్దన్నాడు. ఎవరో తన ఫ్రెండు ఫుల్ కంటైనర్ పంపుతున్నాడు, అందులో చోటు మిగిలింది, మన పెట్టెలు అందులో పడేద్దాం, చవక, తొందర అన్నాడు. తమ్ముడు తెచ్చిన సంబంధం కాబట్టి బావగారికి నచ్చింది. నీకూ నచ్చింది. నాకు మాత్రం ఆ ఏజెంటు గొంతులో తేనె ఎక్కువనిపించింది. నీకు చెప్పకుండా నేనే ఆయనకి ఫోన్ చేశాను.

"కాగితాల మీద మా అక్క పేరు ఉంటుందాండీ?" అన్నాను.

"ఎందుకమ్మా? మొత్తం మా ఫ్రెండు పేరు మీద ఒకటే బిల్లు. కస్టమ్స్‌లో తలనొప్పి ఉండదు."

"మరి మా పెట్టెలు మావేనని ఇక్కడ ఎవరు చెబుతారండీ?"

"మీరున్నారు కదమ్మా అక్కడ!" అని నవ్వాడు.

"ఆయన సరుకేంటండీ?"

"పచ్చళ్ళమ్మా."

రెండు రోజులాగి మళ్ళీ చేస్తే కారప్పొడి అన్నాడు. మూడోసారి, "జనరల్ ఐటమ్స్ అమ్మా, అన్నీ మనకెందుకు?" అన్నాడు. అప్పుడే నీకు ఫోన్ చేసి వద్దంటే వద్దన్నాను. ఎందుకు అంత గట్టిగా అన్నానో ఇప్పుడు చదువు.

మా డిపోలో ఒమారి అని ఒకాయన ఉన్నాడు. షేరింగ్ కంటైనర్లు విప్పేటప్పుడు పెట్టెలు లెక్క చూసే పని ఆయనది. యాభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, చప్పుడు చెయ్యకుండా నడుస్తాడు. నన్ను 'దాదా' అంటాడు. వీళ్ళ భాషలో దాదా అంటే అక్క. ముందు నాకు కోపమొచ్చింది, నన్ను రౌడీ అంటున్నాడేమో అనుకున్నాను.

ఆయన దగ్గర జేబులో పట్టే చిన్న నోటుబుక్కు ఒకటుంది. కంటైనర్ తలుపు తీయగానే ప్రతి పెట్టె దగ్గరా వంగి చూసి దాంట్లో ఏదో రాసేవాడు. డిపో రాత అంతా నా కంప్యూటర్లోనే ఉంటుంది, వేరే రాత ఎందుకు? ఒకరోజు చిరిగిన పెట్టెలో చెయ్యి పెట్టి తడమడం చూశాను. ఇంకోరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "మీ అక్క సరుకు ఎప్పుడొస్తుంది? పెట్టెల మీద గుర్తేంటి?" అన్నాడు. వన్ టౌన్లో బట్టల కొట్టులో ఎనిమిదేళ్ళు బేళ్ళ లెక్క రాసినదాన్ని కదా, అక్కడ నేర్చుకున్నదొకటే, ఎక్కువ అడిగేవాణ్ణి ముందు చూడాలి అని. ఆయన్నొక్క మాట అడగలేదు. నేరుగా మేనేజరుగారి గదిలోకి వెళ్ళి, ఒమారి పెట్టెలు తడుముతున్నాడు, దొంగ లెక్క రాస్తున్నాడని చెప్పాను.

మేనేజరుగారు ఆ నోటుబుక్కు లాక్కుని సొరుగులో పడేశారు. ఆయన్ని గేటు దగ్గర వేశారు. ఎండలో నిలబడి లారీ నంబర్లు రాసుకోవాలి. ఎవరు చెప్పారో ఆయనకి తెలియదనుకున్నాను. రోజూ పొద్దున గేటు దాటుతుంటే, "బాగున్నావా దాదా?" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకుని పోయేదాన్ని.

వారం తిరక్కుండా గొడవ వచ్చింది. ఒమారి గేటుకి వెళ్ళకముందు విప్పిన ఒక షేరింగ్ కంటైనర్, పదకొండుమంది సరుకు. ప్లాస్టిక్ బకెట్లని రాసిన పెట్టెల్లో సిగరెట్లు బయటపడ్డాయి. కస్టమ్స్ వాళ్ళు వచ్చి పదకొండుమంది సరుకుకీ తాళం వేసేశారు. ఒకడి పాపానికి పదిమందికి శిక్ష.

మిగతావాళ్ళ పెట్టెల మీద పేర్లు, నంబర్లు సరిగా ఉంటే ఒక్కొక్కరివే వదులుతూ వచ్చారు. ఒకావిడవి మాత్రం ఆగిపోయాయి. పేరు రెహేమా, దర్జీ పని చేస్తుంది. బడి పిల్లల యూనిఫారాలకి గుడ్డ తెప్పించుకుంది. ఆమె పెట్టెల మీద గుర్తు, ఆ సిగరెట్ల పెట్టెల మీద గుర్తు ఒకటే, ఉత్త డైమండ్ బొమ్మ. పైన అంటించిన చీటీలు సగం ఊడిపోయాయి. ఏవి ఆమెవో, ఏవి ఆ మనిషివో చెప్పేవాళ్ళు లేరు. "లోపల గుడ్డే ఉన్నా గుర్తు ఒకటే కదా, ఆమెకి కూడా వాటా ఉందేమో" అన్నారు కస్టమ్స్ వాళ్ళు.

ఆమె రోజూ వచ్చి నా గది ముందు బల్ల మీద కూర్చునేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. సాయంత్రం లేచి, "రేపు వస్తాను" అని వెళ్ళేది. బళ్ళు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఆమె చేతులు చూస్తే అక్కా, వేళ్ళ చివర్లు నీ వేళ్ళలాగే, సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిపోయాయి. నాక్కూడా ముందు అనుమానమే. ఇంత నిమ్మళంగా కూర్చుందంటే లోపల ఏదో ఉందనుకున్నాను. నన్ను నువ్వు తిట్టొచ్చు.

ఎనిమిదో రోజు గేటు దగ్గర ఒమారి నన్ను ఆపాడు.

"దాదా, ఆ టైలరమ్మ పెట్టెలు ఇంకా వదల్లేదట?"

"గుర్తులు కలిసిపోయాయి. ఎవరివేవో తెలియట్లేదు."

"నా బుక్కులో ఉంది. ఏ పెట్టె ఏ వైపు నుంచి దిగింది, టేపు ఏ రంగు, చిరుగు ఎక్కడ, లోపల చేతికి ఏం తగిలింది, అన్నీ రాశాను. బుక్కు మేనేజరు దగ్గరుంది. నేనడిగితే ఇవ్వరు. నువ్వడుగు."

"నేనా?"

"నువ్వు చెబితేనే కదా తీసుకున్నారు," అన్నాడు. కోపంగా అనలేదు. లారీ వస్తుంటే అటు వెళ్ళిపోయాడు.

అక్కా, ఆ గేటు నుంచి ఆఫీసు దాకా నడిచిన నాలుగడుగులు నేను ఎన్నటికీ మర్చిపోను. మేనేజరుగారి ముందు నిలబడి, నేను చెప్పింది తప్పు, ఒమారిని అడక్కుండా చెప్పాను అన్నాను. ఆయన సొరుగు లాగారు. బుక్కు తీసుకుని కస్టమ్స్ ఆఫీసరు దగ్గరికి ఒమారి, నేను కలిసే వెళ్ళాం. రెహేమా పెట్టెలు పద్నాలుగూ నీలం టేపువి, తలుపు పక్క నుంచి దిగినవి. సిగరెట్లవి గోధుమరంగు టేపు, లోపలి మూలవి. ఆమె పేరు మీద వేరే కాగితం ఉంది, దాంట్లోనూ పద్నాలుగే. మర్నాడు మధ్యాహ్నానికి వదిలేశారు. ఆమె నా చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పింది. చెప్పించుకునే మొహం నాకు లేదు. అయినా చెప్పించుకున్నాను.

ఒమారికి క్షమాపణ చెబితే, "మీ అక్క పెట్టెల మీద గుర్తేంటని అడిగాను కదా. డైమండ్ లాంటి ఉత్త బొమ్మ వద్దు, పేరూ నంబరూ పెద్దగా, నాలుగు వైపులా రాయించు అని చెబుదామనుకున్నాను. నువ్వు చెప్పనివ్వలేదు," అన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. "ఓడ కాగితం మీద మీ అక్క పేరు ఉంటుందా?"

గవర్నర్‌పేట ఆయన చెప్పింది చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "రెహేమాకి సొంత కాగితం ఉండబట్టి బయటపడింది. ఇంకొకడి కాగితం మీద వచ్చినవాడికి గొంతే ఉండదు," అన్నాడు.

అందుకక్కా నా మొండితనం. అందుకే వన్ టౌన్లో మా పాత సేఠ్‌గారు చెప్పిన ఆఫీసు ద్వారా, నీ పేరు మీద వేరే కాగితంతో షేరింగే వెయ్యమన్నాను. ఆలస్యమైనా సరే అన్నాను. నువ్వు నామాట విన్నావు, బావగారు మాట్లాడడం మానేశారు. చెన్నై దాకా లారీ మాత్రం సుధాకర్‌గారే మాట్లాడి, తనే వెంట వెళ్ళారని చెప్పావు. అప్పుడు నా మనసులో ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

రాయక తప్పేట్టు లేదు. వాళ్ళ ఏజెంటుని కాదన్నాం కదా, మనసులో పెట్టుకుని ఏదైనా చేస్తాడేమో అనుకున్నాను.

ఓడ బయల్దేరాక కాగితాలు నాకు మెయిల్లో వచ్చాయి. నువ్వు అరవై పెట్టెలు లారీ ఎక్కించామన్నావు. కాగితంలో యాభై తొమ్మిది! ఇరవై మూడో నంబరు లేదు. అక్కా, ఓడ సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ నాకు అన్నం సహించలేదు. నీకు చెబితే నువ్వు కంగారుపడతావు, ఇంట్లో గొడవవుతుంది. చెప్పకపోతే షరీఫాగారికి ఏం చెప్పను? అనుమానం ఒక్కరి మీదే తిరిగేది. లారీ ఆయన చేతిలో ఉంది. దారిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఇంకేం కావాలి?

పోయిన మంగళవారం మన సరుకు డిపోకి వచ్చింది. ఒమారి మళ్ళీ తన పనిలోకి వచ్చేశాడులే. ఆయనే విప్పాడు. యాభై తొమ్మిదీ పొడిగా, శుభ్రంగా, నీ పేరు నాలుగు వైపులా కనపడుతూ వచ్చాయి. ఇరవై మూడు లేదు. నేను ఇంక ఆగలేక ఒమారితో మా బావగారి తమ్ముడి సంగతంతా చెప్పేశాను. ఆయన బుక్కు మూసి, "అడిగావా?" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆ తమ్ముణ్ణి. నన్ను అడక్కుండా వెళ్ళి చెప్పావు. అతన్నయినా అడుగు."

అక్కడే, పెట్టెల మధ్య నిలబడి సుధాకర్‌గారికి ఫోన్ చేశాను.

"సుధాకర్‌గారూ, ఇరవై మూడో పెట్టె ఏమైందండీ?"

"అన్నయ్య చెప్పొద్దన్నాడండీ," అన్నారు.

నెల్లూరు దాటాక పెద్ద వాన వచ్చిందట. టార్పాలిన్ ఒక మూల కారి ఒక పెట్టె తడిసిందట. చెన్నై గోడౌన్లో దించేటప్పుడు చూశారట. తడి పెట్టె లోపల పెడితే అన్ని రోజుల ప్రయాణంలో బూజు పట్టి పక్క పెట్టెలన్నీ పాడవుతాయని తీసేశారట. కాగితాల్లో అరవై కొట్టేయించి యాభై తొమ్మిది వేయించడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఆఫీసులోనే కూర్చున్నారట. వాళ్ళు వదిలేయమంటే, లెక్క తేడా వస్తే అక్కడ జయమణిగారికి ఇబ్బందవుతుందని కదల్లేదట. ఆ పెట్టె పట్టుకుని జనరల్ బోగీలో నిలబడి విజయవాడ వచ్చారట. గలీబులన్నీ బావగారూ తనూ కలిసి మేడమీద ఆరేశారట. ఒక్కదానికీ మరక లేదట. ఆరేసింది నువ్వు పెడన వెళ్ళిన రోజునట.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"మీకే భయపడ్డామండీ. మా లారీలోనే తడిసిందంటే మీరేమనుకుంటారోనని. అన్నయ్యే అన్నాడు, ఆ అమ్మాయికి తెలిస్తే నువ్వే కావాలని తడిపావంటుంది, ఊరుకోరా అని."

అక్కా, బావగారు అన్నది నిజమే. నేను అదే అనేదాన్ని. నాకు భయపడి మనింట్లో ఇద్దరు మగవాళ్ళు గలీబులు దొంగల్లా మేడమీద ఆరేసుకున్నారంటే, నేనెప్పుడు ఇట్లా అయ్యాను? వన్ టౌన్లోనే అయ్యానా, ఇక్కడికొచ్చాకా? ఆ రోజు సుధాకర్‌గారికి క్షమించమని చెప్పాను. "అయ్యో, అదేం మాటండీ" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

షరీఫాగారు నిన్న వచ్చి మొదటి పెట్టె విప్పి, దుప్పటి ఒకటి డిపో నేల మీదే పరిచేసింది. ఎర్రని పువ్వు మీద చెయ్యి రాసి చూసింది. ఒక్క గది గలీబులు వెనకొస్తాయన్నాను. రానీ, ఆ గది చివర్న తెరుస్తాను అంది. నీ ఆడవాళ్ళందరికీ ఈ మాట చెప్పు. మళ్ళీ ఆర్డరు ఉంటుందంది. ఆ మాట చెప్పేటప్పుడు మొహంలోకి చూశాను, నిజంగానే అన్నట్టుంది.

ఆ గలీబుల పెట్టె నర్సమ్మ తిరిగొచ్చేటప్పుడు ఆమె సామాన్లలో పంపు, మోస్తానంది. దాంతోపాటు కాస్త నల్లకారం, జేబులున్న కాటన్ నైటీలు రెండు. పటమటలో ఆ కళ్ళద్దాల షాపువాణ్ణి నా పాత చీటీ ఉందేమో అడుగు.

గవర్నర్‌పేట ఆయన సంగతి అడుగుతావు. నాకు తెలిసినంతలో ఆ ఫ్రెండు కంటైనర్ మా డిపోకి రాలేదు, రేవులో ఎక్కడైనా దిగి వెళ్ళిపోయిందేమో. ఏ గొడవా అయినట్టు వినలేదు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. కానీ పచ్చళ్ళు, కారప్పొడి, జనరల్ ఐటమ్స్, మూడుసార్లడిగితే మూడు మాటలు చెప్పిన మనిషిని నేను నమ్మనంటే నమ్మను. ఇంకో పది కంటైనర్లు క్షేమంగా పంపినా నమ్మను. ఆ ఒక్క అనుమానం నాకు వదిలెయ్యి.

మీ అత్తగారికి, చర్చిలో పాస్టరయ్యగారికి, అమ్మగారికి నా వందనాలు. స్నేహకి ముద్దులు. కుట్టే ఆడవాళ్ళందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. నా పని కోసం, నా నోటి కోసం ప్రార్థన చెయ్యి.

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే రాద్దామని మొదలుపెట్టాను. ఇంతదాకా రాశాక అట్లా వద్దనిపిస్తోంది. బావగారికి చదివి వినిపించు, పైకే, సుధాకర్‌గార్ని కూడా కూర్చోబెట్టి. నన్ను ఏమైనా అనాలంటే అననీ. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. ఫోను బావగారి చేతికివ్వు.

ప్రేమతో,
నీ చెల్లెలు
జయమణి